పోపుల పెట్టెలో ఫ్యూజు

మా ఇంట్లో పోపుల పెట్టెకి ఏడు గిన్నెలు. ఆరింట్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప తుంపులు ఉంటాయి. ఏడో గిన్నెలో ఫ్యూజు ఉంటుంది. చిటికెన వేలి కణుపంత గాజు గొట్టం, రెండు చివర్లా తళతళలాడే టోపీలు, లోపల వెంట్రుకంత తీగ. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా మూత తీసి ఇదేమిటని అడిగితే మా ఆయన ప్రాణం అని చెబుతాను. అందులో అబద్ధం పెద్దగా లేదు.

మాది చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద ఊరు. వీధి వైపు రేకుల షెడ్డులో నా కారం మిల్లు, దాని వెనకే ఇల్లు. మా ఆయన ఊరి చివర మిర్చి కోల్డు స్టోరేజీలో మిషన్లు చూసుకుంటాడు. పగలంతా మిషన్లతో గడిపినవాడికి ఇంటికొచ్చాక మనుషులతో గడపాలనిపిస్తుంది. ఈయనకి అనిపించదు. కాళ్లు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని, నేరుగా సోల్డరింగు కడ్డీ ముందు కూర్చుంటాడు. యాంప్లిఫయర్లు చేస్తాడు. అమ్మడానికేమీ కాదు. చేస్తాడు, వింటాడు, పెదవి విరుస్తాడు, విప్పేస్తాడు, మళ్లీ చేస్తాడు. మంచం కింద ట్రాన్స్‌ఫార్మర్లు, బీరువా మీద కెపాసిటర్లు, దేవుడి అరలో అగ్గిపెట్టె పక్కన కూడా రెండు మూడు స్క్రూలు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ వచ్చి ఆ సరంజామా చూసి, "అల్లుడుగారు బాంబులు గానీ కడుతున్నారా ఏమిటే" అని నా చెవిలో అడిగింది.

అన్నానికి పిలిస్తే "వస్తున్నా" అంటాడు. ఆ మాటకీ మనిషి రావడానికీ సంబంధం ఉండదు. చారు చల్లారుతుంది, నా ఒళ్లు వేడెక్కుతుంది. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. ప్లగ్గు లాగేసి, యాంప్లిఫయర్ వెనక ఉన్న నల్ల మూత తిప్పి, ఫ్యూజు బయటికి తీసి పోపుల పెట్టెలో పడేస్తాను. ఇక ఎన్ని మీటలు నొక్కినా అది పలకదు. మనిషి తనంతట తనే వంటింట్లోకి వస్తాడు. అన్నం తిని కంచం తీశాకే ఫ్యూజు ఇస్తాను.

అయితే నేను చెప్పబోయేది నా పెత్తనం గురించి కాదు, మా మామగారి పరువు గురించి.

మా మామగారిని ఊళ్లో భటుడు గారు అంటారు. ఇప్పుడు కోల్డు స్టోరేజీ ఉన్న చోటే అప్పట్లో పత్తి మిల్లు ఉండేది. మామగారు వయసులో ఉండగా అందులో గోడౌను వెనక, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉండే కాటా దగ్గర పనిచేశారు. ఆ మిల్లు పనివాళ్లకి ఒక నాటకాల జట్టు ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పత్తి బేళ్ల గోడౌనులో రిహార్సళ్లు వేసుకునేవాళ్లు. ఒకసారి పోటీలకి వెళ్లే నాటకంలో మామగారికి రాజు వేషం వచ్చింది. రాజంటే పద్యాలన్నీ రాజువే. రిహార్సల్లో ఆయన పాడుతుంటే తోటివాడొకడు టేపు రికార్డరు తెచ్చి క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఆ రోజు హార్మోనిస్టు లేరు, ఏదో పెళ్లిలో వాయించడానికి వెళ్లారు. తిరిగొచ్చాక టీ కొట్టులో ఆ క్యాసెట్టు విని, బల్ల మీద హార్మోనియం పెట్టి పక్కనే వాయించి చూసి, పదిమంది ముందూ "శ్రుతి తప్పావురా" అనేశారు. రాజు వేషం ఇంకొకరికి పోయింది. మామగారికి భటుడి వేషం ఇచ్చారు. కొయ్య బల్లెం పట్టుకుని సింహాసనం పక్కన నిలబడటం, అంతే. పద్యం లేదు, మాట లేదు.

నాటకాలు పోయాయి, పత్తి మిల్లు పోయింది, భటుడనే పేరు మాత్రం పోలేదు. నా మిల్లుని కూడా జనం "భటుడు గారి కోడలి మిల్లు" అంటారు. నేను బోర్డు మీద రాయించిన పేరు వేరే. దాన్ని చదివే దిక్కు లేదు. బల్లెం ఇంకా మా ఇంట్లోనే ఉంది. దానికి గుడ్డ చుట్టి బూజులు దులుపుతుంటాను.

ఆ తీర్పు చెప్పిన హార్మోనిస్టు పరాయివారేమీ కాదు, మామగారికి చిన్ననాటి స్నేహితుడు. మా వీధిలోనే పుట్టి పెరిగిన సాయిబు గారు. నేను బాబాయి గారూ అని పిలుస్తాను. ఇప్పుడు వేటపాలెంలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఏటా ఆవకాయల రోజుల్లో వచ్చి నా దగ్గరే కారం పట్టించుకుంటారు, జీడిపప్పు పొట్లం నా చేతిలో పెడతారు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే "ఏరా భటుడా" అని కేకేస్తారు. మామగారు దానికి జవాబుగా ఆ పద్యమే ఎత్తుకునేవారు, కావాలని, ఇంకాస్త గొంతు పెంచి. బాబాయి గారు రెండు చెవులూ మూసుకునేవారు. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకుని కాఫీలు తాగేవాళ్లు.

తర్వాత మామగారికి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే గాలే వస్తుంది, దగ్గరికెళ్లి చెవి పెట్టి వినాలి. ఆపరేషన్ తర్వాతి ఎండాకాలం బాబాయి గారు మామూలుగానే "ఏరా భటుడా" అంటూ వచ్చారు. మామగారు పద్యం కోసం నోరు తెరిచారు. ఏమీ రాలేదు. నోరు మూసుకుని లోపలికెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నారు. బాబాయి గారు గుమ్మంలోనే నిలబడిపోయారు, చెప్పులు విడవాలో వేసుకోవాలో తెలియనట్టు. నేను మిల్లు దగ్గర కారం జల్లిస్తున్నాను. నా కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. కారం వల్ల అనుకున్నారు అందరూ, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఆ సాయంత్రం మామగారు కొడుకుని దగ్గరికి పిలిచారు.

"ఆ క్యాసెట్టు ఉందిగా. దాంట్లో హోరు లేకుండా వినిపించరా ఒక్కసారి. ఆ హోరు వల్లే వాడికి తప్పినట్టు వినపడింది. నేను తప్పలేదు" అన్నారు.

ఇక పాడి చూపించే గొంతు ఆయనకి లేదు. మిగిలిన సాక్ష్యం ఆ క్యాసెట్టు ఒక్కటే. దాన్ని ఎప్పుడు వేసినా పద్యం వెనకాల తేనెటీగల పట్టు రేగినట్టు ఒకటే హోరు.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది మా ఆయనకి. నాన్న కోసం అన్నాక ఇక నేను నోరెత్తడానికి లేదు కదా. ఎన్నడూ లేనంత పెద్ద యాంప్లిఫయర్ మొదలుపెట్టాడు. రుబ్బురోలంత ట్రాన్స్‌ఫార్మర్, మంచినీళ్ల గ్లాసులంతేసి కెపాసిటర్లు. "ఒక్క పద్యానికి ఇంత అవసరమా, తిరునాళ్లకి మైకు కడుతున్నారా" అని అడిగాను. "లోపల కరెంటు ఎంత నిలకడగా ఉంటే హోరు అంత తగ్గుతుందే, నీకు తెలీదు" అన్నాడు.

నాకు తెలియదన్నది నిజమే. తెలిసింది ఏమిటంటే, స్విచ్ వేయగానే ఫ్యూజు టప్పున పోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ పోయింది. అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మరూ కెపాసిటర్లూ మొదట్లో ఆకలి మీద ఉంటాయట, స్విచ్ వేసిన మొదటి క్షణంలో కరెంటుని ఒక్క గుక్కలో లాగేస్తాయట. మామూలు ఫ్యూజు ఆ గుక్కకి తట్టుకోదు. మా ఊళ్లో ఫ్యూజు పోతే అందరూ చేసేది ఒకటే, వైరు చీల్చి రాగి పోగు చుట్టేయడం. పొలాల్లో మోటార్లకీ అంతే, ఇళ్లల్లో మీటరు బోర్డులకీ అంతే. ఒక పోగు కాలితే రెండు వేస్తారు, రెండు కాలితే మూడు. ఆ పైన కాలేది పోగు కాదు, మోటారు. ఈ సంగతి ఊరందరికీ నీతిగా చెప్పే మా ఆయనే విసుగెత్తి ఒక రోజు రాగి పోగు చుట్టాడు.

ఆ రోజే ఏదో పార్టు తిరగేసి బిగించాడు. ఫ్యూజు ఉండుంటే అది పోయి గొడవ వదిలేది. రాగి పోగు పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కింది. ఈయన ప్లగ్గు లాగేశాడు, అంతవరకూ బాగానే ఉంది. పొగ బయటికి పోవాలని టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఫ్యాను ముందు చాప మీద నేను చల్లారబోసుకున్న కారం ఉంది. పొగ సంగతి ఏమో గానీ కారం మాత్రం వీధిలోకి చక్కగా పోయింది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లు వరసగా తుమ్మారు. ఎదురింటావిడ మిల్లు తగలబడుతోందనుకుని బిందెడు నీళ్లు తెచ్చి, మంటలు ఎక్కడున్నాయో కనపడక మా ఆయన నెత్తిన కుమ్మరించింది. చేతిలో టెస్టరు పట్టుకుని, ఒళ్లంతా తడిసి, తుమ్మలేక దగ్గలేక నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు తిట్లు కూడా గుర్తురాలేదు. మామగారు అరుగు మీద కూర్చుని గొంతు లేని నవ్వు నవ్వారు, భుజాలు కదిలేలా. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు.

తర్వాత పార్సిల్లో వేరే రకం ఫ్యూజు వచ్చింది. నిదానం ఫ్యూజు అన్నాడు. క్షణంపాటు ఎంత తోసినా ఓర్చుకుంటుందట, ఆ తోపుడు ఆగకపోతే మాత్రం తెగిపోతుందట.

"అచ్చం నాలాగే" అన్నాను.

"నువ్వు ఆ క్షణం కూడా ఆగవే" అన్నాడు.

అది మా దగ్గర దొరికే సరుకు కాదు కాబట్టి దాన్ని ఇంకా జాగ్రత్తగా పోపుల పెట్టెలో దాచడం మొదలుపెట్టాను.

ఈసారి యాంప్లిఫయర్ బతికింది. క్యాసెట్టు వేస్తే హోరుతో పాటు చిటపటలు కూడా వచ్చాయి. నేరం ఎవరిది అంటే నా మిల్లుదట. నా మోటారు తిరిగినప్పుడు కరెంటులో చెత్త కలుస్తుందట.

"ఏమే, ఒక్క అరగంట మిల్లు ఆపవే" అని అడిగాడు.

"ఆపుతాను. ఈ బస్తా మిరపకాయలు మీరు రోట్లో దంచండి" అన్నాను.

నాకూ నా మోటారుకీ ఉన్న బంధం ఆయనకి తెలియదు. ఒక్కదాన్నే మిల్లు దగ్గర ఉన్నప్పుడు పాడుకుంటాను. మూతికి గుడ్డ కట్టుకుని ఉంటాను కాబట్టి ఎవరికీ వినపడదు. మోటారు గుయ్యిమంటూ ఒకే స్థాయిలో మోగుతుంటుంది, నా పాట వెళ్లి దాని మీద కూర్చుంటుంది. తొట్టిలో మిరపకాయలు ఎక్కువ పోస్తే మోటారు గొంతు దిగుతుంది, నేనూ దిగుతాను. నేర్చుకున్నదేమీ లేదు, అదే అలా వస్తుంది. ఇంట్లో పాడమంటే నాకు రెండు ముక్కలు రావు.

చివరికి మా ఆయన తీగ చుట్టలూ చిన్న కెపాసిటర్లూ కలిపి ఒక ఫిల్టరు చేసి, కరెంటు లోపలికొచ్చే దారిలో కట్టాడు. కాలవలో చెత్త ఆపడానికి తూముకి జాలీ కట్టినట్టు. చిటపటలు పోయాయి. హోరు మాత్రం పోలేదు. కెపాసిటర్లు పెంచాడు, వైర్లు మార్చాడు, ఎర్త్ కోసం పెరట్లో నా కరివేపాకు చెట్టు మొదట్లో ఇనుప కడ్డీ దిగ్గొట్టాడు. చెట్టు ఆకులు రాల్చింది గానీ హోరు రాలలేదు. ఇలా వారాలు గడిచాయి.

ఒక రోజు కూర తరుగుతూ చూస్తున్నాను. ఈయన క్యాసెట్టు ఆపాడు. హోరు ఆగింది. వేశాడు. హోరు వచ్చింది.

"ఏమండీ, మీ పెట్టె ఊరికే ఉన్నప్పుడు నిశ్శబ్దంగానే ఉంది కదా. హోరు క్యాసెట్టులో ఉందేమో" అన్నాను.

కాసేపు నన్నూ క్యాసెట్టునీ మార్చి మార్చి చూశాడు. ఆ పూట అన్నానికి పిలవకుండానే వచ్చాడు. మారు వడ్డించబోతే వద్దన్నాడు. పాపం, జాలేసింది.

అయినా వదిలే రకం కాదు. పద్యాన్ని పోనిచ్చి హోరుని మాత్రం పట్టి ఉంచే ఇంకో ఫిల్టరు చేస్తానన్నాడు. ఆ హోరు ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి ఆ ఒక్క స్థాయినే తీసెయ్యొచ్చట. చేశాడు కూడా. దాన్ని లోహపు డబ్బాలో పెట్టకపోతే బయటి హోరు పడుతుందని నా స్టీలు క్యారేజీలో పై గిన్నె పట్టుకుపోయాడు. నేను చూసేసరికి రెండు వైపులా చిల్లులు పొడిచేశాడు. టేపు నుంచి ఒక వైరు గిన్నెలోకి, గిన్నె నుంచి ఒక వైరు యాంప్లిఫయర్లోకి. పద్యానికి ముందు క్యాసెట్టులో కాస్త ఖాళీ ఉంది, ఉత్త హోరు. దాన్ని వేసి, గిన్నెలోని చిన్న స్క్రూ తిప్పుతూ పోయాడు. హోరు సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దం విని ఈయన నా వైపు చూసిన చూపుకి గిన్నె సంగతి వదిలేశాను.

పద్యం మాత్రం వేయనివ్వలేదు మామగారు. "వాడు వచ్చాకే. ఇద్దరం ఒక్కసారే వింటాం. హార్మోనియం కూడా తెమ్మను" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం బాబాయి గారు వచ్చారు, ఒక చేతిలో జీడిపప్పు, ఇంకో చేతిలో హార్మోనియం పెట్టె. ఆ రోజు మిల్లు ఆపేశాను. బాబాయి గారు గుమ్మంలో "ఏరా" అని ఆగిపోయారే గానీ మిగతా మాట అనలేదు. దానికే మామగారికి కోపం వచ్చింది. "అనరా, అను. సాయంత్రానికి ఎలాగూ ఆ మాట ఉండదు" అన్నారు. నేను దగ్గరుండి విని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. బాబాయి గారు నవ్వారు.

"నీ గొంతు పోయినందుకు నాకూ బాధగానే ఉందిరా. కానీ శ్రుతి శ్రుతే. మొహమాటానికి అబద్ధం చెప్పను" అన్నారు.

"చెప్పొద్దు" అన్నారు మామగారు.

భోజనాలయ్యాక మా ఆయన క్యాసెట్టు వేశాడు. హోరు లేదు. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా వయసులో ఉన్న మామగారి గొంతు లేచింది. నేను ఆయన పాడగా విన్నాను గానీ అది ముసలి గొంతు. ఇది గోడౌను కప్పు దాకా వెళ్లి తిరిగొచ్చే గొంతు. రాగం తీస్తుంటే నా ఒళ్లు జలదరించింది. బాబాయి గారు కళ్లు మూసుకుని విన్నారు, తర్వాత హార్మోనియం తిత్తి తెరిచి ఒక మెట్టు నొక్కారు. గొంతు దానికంటే పైన ఉంది. పక్క మెట్టు నొక్కారు. గొంతు దానికంటే కింద ఉంది. మా ఆయన మొహంలో రంగు మారడం చూశాను. నాకే తెలుస్తోంది, పద్యం ఏ మెట్టు మీదా ఆనడం లేదు.

"ఐదో శ్రుతికి పైన, ఐదున్నరకి కింద. ఎటూ కాదు" అన్నారు బాబాయి గారు నెమ్మదిగా. చెప్పడం ఆయనకీ ఇష్టంగా లేదు. "నేను ఆ రోజు అన్నది..."

మామగారు ఆయన్ని చూడటం లేదు. తల ఒక పక్కకి వంచి దేన్నో వెతుకుతున్నారు. నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు.

"మిల్లు ఏదమ్మా?"

"ఆపేశాను మామయ్యగారూ, గొడవ అవుతుందని."

"నీది కాదు. నాది."

నాకు వెంటనే తలకెక్కలేదు. పద్యం వెనకాల ఎప్పుడూ ఉండేది ఏదో లేదంటున్నారు. పత్తి మిల్లు గోడౌనులో ఏం మోగుతుంది, అన్నాల వేళ మిషన్లు ఆపేశాక? నా మోటారు గుర్తొచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని దాని మీద కూర్చునే నా పాట గుర్తొచ్చింది. అప్పుడు అర్థమైంది, హోరు తీసేసి మేం ఎంత పని చేశామో.

లేచి వెళ్లి ప్లగ్గు లాగేశాను. పద్యం మధ్యలో తెగింది.

"ఫ్యూజు పోయింది" అన్నాను, నల్ల మూత తిప్పి ఫ్యూజు తీసి బొడ్లో దోపుకుంటూ.

"పోలేదే, ప్లగ్గు నువ్వే..." అన్నాడు మా ఆయన.

"పోయిందంటున్నానా. పోపుల పెట్టెలో ఇంకోటి ఉంది, మెంతుల అడుగున. వెళ్లి తీసుకురండి."

ఆ గొంతుకి ఎదురు చెప్పకూడదని ఆయనకి అనుభవం మీద తెలుసు. వెళ్లాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది. మెంతుల అడుగున ఏమీ లేదు, ఉండదు కూడా. ఈలోపు నా క్యారేజీ గిన్నెని మధ్యలోంచి పీకేశాను. టేపు వైరు నేరుగా యాంప్లిఫయర్లో గుచ్చాను. బొడ్లో ఫ్యూజు తీసి దాని చోట పెట్టి మూత బిగించాను. ప్లగ్గు పెట్టాను. క్యాసెట్టుని వెనక్కి తిప్పి మొదటి నుంచి వేశాను.

గదంతా హోరెత్తింది.

మా ఆయన ఒళ్లంతా ఆవాలతో పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశావే, ఇన్ని నెలల కష్టం" అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ. నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను. పద్యం లేచింది. హోరు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ పాదం మోపింది. రాగం ఎంత దూరం పోయినా తిరిగొచ్చి దాని మీదే ఆగుతోంది. మామగారి తల నిటారుగా అయింది.

"బాబాయి గారూ, హార్మోనియం పక్కన పెట్టి ఆ హోరు మీద చెవి పెట్టండి. అది చెత్త కాదు. గోడౌను వెనక గోడకి ఆనుకుని మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మామయ్యగారి కాటా దాని పక్కనే. పొద్దస్తమానం దాని హోరులో పనిచేసిన మనిషి, మీరు లేని రోజు శ్రుతి ఇంకెక్కడ తీసుకుంటారు?" అన్నాను.

మా ఆయన ఆవాలు దులుపుకోవడం మర్చిపోయాడు.

"ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా అక్కడే ఉంది నాన్నా. నా మిషన్ రూము వెనకే. ఇదే హోరు, రోజూ వింటాను" అన్నాడు.

మామగారు అరచేతులు చూసుకున్నారు. "మేం అందరం దాని మీదే పాడుకునేవాళ్లంరా, బస్తాలు ఎత్తుతూ. శ్రుతి తీసుకుంటున్నామని ఎవరనుకున్నారు" అన్నారు.

బాబాయి గారు మళ్లీ తిత్తి తెరిచారు. ఈసారి గొంతుని కాదు, హోరుని వెతికారు. ఐదు నొక్కారు, కాదు. ఐదున్నర నొక్కారు, కాదు. రెండు మెట్లూ కలిపి నొక్కారు, చెవులు చిల్లులు పడ్డాయి. తిత్తి మూసి కొక్కెం పెట్టేశారు. చాలాసేపు ఆ పెట్టె మీదే చెయ్యి ఆనించి కూర్చున్నారు.

"వీడు తప్పలేదమ్మా. ఆ మెట్టు నా పెట్టెలో లేదు" అన్నారు నాతో. తర్వాత స్నేహితుడి వైపు తిరిగి, "నీ చేత ఇన్నేళ్లు బల్లెం పట్టించాను కదరా" అన్నారు. ఆయన గొంతు కూడా అప్పుడు గాలిలాగే వచ్చింది.

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఈసారి సాకుకి కారం కూడా లేదు.

మామగారు మాత్రం ఏడ్చే స్థితిలో లేరు. కళ్లలో పాత కొంటెతనం వచ్చింది. గది మూల వైపు వేలు చూపించారు. అక్కడ బల్లెం ఉంది, చివర బూజు గుడ్డతో సహా. నేను గుడ్డ విప్పి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని బాబాయి గారి వైపు చాచారు. బాబాయి గారికి అర్థమైంది. పంచె సర్దుకుని లేచారు. బల్లెం తీసుకుని మామగారి కుర్చీ పక్కన నిటారుగా నిలబడ్డారు, గడ్డం పైకెత్తి, అచ్చం భటుడిలాగే. మామగారు కుర్చీలో వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పరిచి, కొడుకు వైపు చూశారు. మా ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి వేశాడు.

పద్యం అయ్యేదాకా బల్లెం కదల్లేదు. ఆ వయసులో మోకాళ్లు ఎంత నొప్పి పుట్టాయో ఏమో, ఆయన చెప్పలేదు. మామగారి పెదాలు పద్యంతో పాటు కదులుతూనే ఉన్నాయి. పద్యం అయిపోయింది, హోరు ఒక్కటే మిగిలింది. మా ఆయన కట్టేయబోతే మామగారు చెయ్యెత్తి వద్దన్నారు.

"ఏరా రాజా, ఇక దించమంటావా?" అని అడిగారు బాబాయి గారు బల్లెం వైపు చూసి.

మామగారు తల అడ్డంగా ఊపి ఏదో అన్నారు. నేను వంగి విని, గట్టిగా చెప్పాను.

"రెండో వైపు ఇంకో పద్యం ఉందట బాబాయి గారూ."